చూడకుండా రాస్తే గుర్తుంటుందా? సహసంబంధం నుంచి ప్రయోగం దాకా ఒక సైకాలజీ ప్రాజెక్టు

హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ వైపు సైకాలజీ, ఎంఈడీ, సోషల్ వర్క్ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు ఓ పది తిరగేయండి. అట్ట మీద ‘ఇంటర్ విద్యార్థుల మార్కులపై సెల్‌ఫోన్ ప్రభావం’ లాంటి పేరుంటుంది. లోపల ఒక ప్రశ్నావళి, వందమంది నింపిన కాగితాలు, చివర ఒక సహసంబంధ గుణకం, అంటే రెండు సంగతులు ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె. అట్ట మీద చెప్పింది ఒకటి, లోపల చేసింది ఇంకొకటి. వైవాలో ఎవరో ఒకరు దాన్ని పట్టుకుంటారు, విద్యార్థి నీళ్లు నములుతాడు.

అంతదాకా రాకుండా ఉండాలంటే ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎవరికి ఏది దక్కాలో ఎవరు నిర్ణయించారు? ఫోన్ ఎక్కువ చూసే పిల్లవాడు తన ఇష్టం కొద్దీ చూస్తున్నాడా, ఇంట్లో పరిస్థితి అటు తోసిందా, లేక మీరు చిట్టీ తీసి అతణ్ని ఆ గుంపులో వేశారా? మొదటి రెండూ అయితే మీ దగ్గరున్నది సహసంబంధం. మూడోదైతేనే ప్రయోగం. సాఫ్ట్‌వేరూ పట్టికలూ ఎంత గొప్పగా ఉన్నా ఈ తేడాను పూడ్చలేవు.

కింద ఒకే ప్రశ్నను పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నడుద్దాం. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివితే ఎక్కువ గుర్తుంటుందా, లేక ఒకసారి చదివి, పుస్తకం మూసి, చూడకుండా రాసుకుంటే ఎక్కువ గుర్తుంటుందా? మన ఇంటర్ కాలేజీల్లో దీనికంటే పనికొచ్చే ప్రశ్న తక్కువే. పైగా ఖర్చు జిరాక్స్ కాగితాలంత.

మొదటి మెట్టు: ప్రశ్నను కొలవగలిగేలా చేయడం

‘బాగా చదవడం’, ‘గుర్తుండటం’ అన్నవి మాటల్లో అందరికీ తెలుసు. కాగితం మీద పెట్టేసరికి చేతికి చిక్కవు. కాబట్టి ముందు నిర్వచనాలు రాసుకోండి. చూడకుండా రాసుకోవడం అంటే: పాఠం కనబడకుండా పెట్టి, గుర్తున్నదంతా తెల్ల కాగితం మీద రాయడం. గుర్తుండటం అంటే: వారం తర్వాత అదే పాఠంలోని 30 భావాంశాల్లో (పాఠాన్ని విడదీస్తే వచ్చే చిన్నచిన్న సంగతుల్లో) ఎన్ని రాయగలిగారు అన్న సంఖ్య. ఇందులో మొదటిది మనం మార్చేది, అంటే స్వతంత్ర చరం. రెండోది మనం కొలిచేది, అంటే పరతంత్ర చరం. ఏది ఏదో వైవాలో తడబడకుండా చెప్పలేకపోతే తర్వాత ఎంత చెప్పినా వినరు.

కొలతకు రెండు గుణాలు కావాలి. ఒకే కాగితాన్ని ఇద్దరు దిద్దితే మార్కులు దగ్గరదగ్గరగా రావాలి, అది విశ్వసనీయత. కొలవాలనుకున్నదాన్నే కొలవాలి, అది ప్రామాణ్యత. ‘నువ్వు రోజూ శ్రద్ధగా చదువుతావా?’ అని అడిగి అవును, కాదు అనిపించుకుంటే రెండూ పోతాయి. లెక్చరర్ చేతికి వెళ్లే కాగితం మీద ‘చదవను’ అని రాసే పిల్లలు అరుదు.

రెండో మెట్టు: ముందు సర్వే, ముందు బొమ్మ

ప్రయోగానికి ముందు సర్వే చేయడంలో తప్పేం లేదు. చిన్నతనమూ కాదు. గత వారంలో ఎన్నిసార్లు పుస్తకం మూసి రాసుకున్నారో అడగండి. యూనిట్ టెస్టు మార్కులను పిల్లల నోటితో కాకుండా, అనుమతి తీసుకుని రిజిస్టర్ నుంచి తెచ్చుకోండి. రెండు వరుసల అంకెలు చేతిలో ఉంటాయి.

ఇక్కడ అందరూ వెంటనే గుణకం లెక్కకు దూకుతారు. ఆగండి. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో విద్యార్థికి ఒక్కో చుక్క పెట్టండి. ఫ్రాన్సిస్ అన్స్‌కోంబ్ అనే గణాంకవేత్త 1973లో నాలుగు చిన్న దత్తాంశ సమితులు, అంటే అంకెల పట్టికలు తయారుచేశాడు. నాలుగింటికీ గుణకం దాదాపు 0.82. బొమ్మ వేస్తే ఒకటి మామూలుగా పైకి పోయే గుంపు, ఒకటి వంపు తిరిగిన గీత. మూడోది సరళరేఖే కానీ ఒక్క చుక్క పక్కకు జరిగి మొత్తం లెక్కను లాగుతుంది. నాలుగో దాంట్లో దూరంగా ఉన్న ఒక్క చుక్క లేకపోతే సంబంధమే లేదు. గుణకం ఒక్కటే చూసేవాళ్లకు ఈ నాలుగూ ఒకటే.

కార్ల్ పియర్సన్ పేరుతో వాడే ఈ గుణకాన్ని ఆర్ అంటారు. అది -1 నుంచి +1 మధ్య ఉంటుంది. గుర్తు దిశను చెబుతుంది, పరిమాణం బలాన్ని చెబుతుంది. -0.6 అంటే +0.3 కంటే బలమైన సంబంధం. కొంతమంది మైనస్ కనబడగానే ‘సంబంధం లేదు’ అని రాసేస్తారు, జాగ్రత్త. ఆర్ 0.3 వచ్చిందంటే దాన్ని వర్గం చేయండి: 0.09. మార్కుల్లో కనబడే హెచ్చుతగ్గుల్లో 9% మాత్రమే ఈ అలవాటుతో కలిసి నడుస్తోంది, మిగతా 91% వేరే సంగతులు. ఇంత సంబంధాన్ని 80% అవకాశంతో పట్టుకోవాలన్నా దాదాపు 85 మంది కావాలి. ముప్పైమందితో సర్వే చేసి ‘సంబంధం లేదని తేలింది’ అని రాయడం న్యాయం కాదు. తేలలేదు, అంతే.

ఇంకో సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాలి. చాలా ప్రైవేటు కాలేజీల్లో మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీస్తారు. మీరు పై సెక్షన్‌లో మాత్రమే సర్వే చేస్తే అందరి మార్కులూ ఒకే ఇరుకు హద్దులో ఉంటాయి, గుణకం సున్నా వైపు జారుతుంది. సంబంధం ఉన్నా కనబడదు. సర్కారు జూనియర్ కాలేజీ, ప్రైవేటు కాలేజీ, పై సెక్షన్, కింది సెక్షన్ అన్నీ కలిస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది.

మూడో మెట్టు: మీ ఫలితానికి మీరే ఎదురు లాయర్ కావడం

సరే, గుణకం 0.35 వచ్చిందనుకుందాం. చూడకుండా రాసుకునే అలవాటున్నవాళ్లకు మార్కులు ఎక్కువ. ఇప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకుని, ఈ అలవాటుకు మార్కులు పెంచే శక్తి ఏమాత్రం లేకపోయినా ఇదే గుణకం ఎలా రావచ్చో రాయండి. నా లెక్కలో మొత్తం ప్రాజెక్టులో విలువైన గంట ఇదే. చాలామంది దీన్నే ఎగ్గొడతారు.

మొదటి అనుమానం, దిశ తిరగబడి ఉండొచ్చు. బాగా వచ్చినవాడికే పుస్తకం మూసే ధైర్యం ఉంటుంది. రానివాడు మూస్తే కాగితం ఖాళీగా ఉంటుంది, టెన్షన్ వస్తుంది, మళ్లీ తెరుస్తాడు. అంటే మార్కులే అలవాటును తెచ్చాయి. ఫోన్ విషయంలోనూ ఇంతే. ఫోన్ వల్ల మార్కులు తగ్గాయో, మార్కులు తగ్గి చదువు మీద విసుగొచ్చి ఫోన్ పట్టుకున్నాడో, ఒక్కసారి చేసిన సర్వే చెప్పలేదు. అదే పిల్లలను జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి అడిగితే ఏది ముందొచ్చిందో కొంత తెలుస్తుంది. ముందు రావడం ఒక్కటే కారణానికి చాలదు, కానీ తర్వాత వచ్చింది కారణం కాలేదు.

రెండోది మూడో మనిషి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ బండ్ల మీద తాటిముంజలు ఎంత ఎక్కువ కనబడితే ఆస్పత్రుల్లో వడదెబ్బ కేసులు అంత ఎక్కువ. ముంజలు తిని వడదెబ్బ తగిలిందని ఎవరూ అనరు, ఎండ రెండింటినీ తెచ్చిందని అందరికీ తెలుసు. మన సర్వేలో ఆ ఎండ ఎవరు? ఇంట్లో డిగ్రీ చదివిన అక్క ఉండటం, పదో తరగతిలో మంచి టీచర్ దొరకడం, రాత్రి సరిపడా నిద్ర, చదువుకోవడానికి ఒక విడి గది. వీటిలో ఏదైనా అలవాటునూ మార్కులనూ కలిపి పెంచగలదు. మీకు తోచినవాటిని కొలిచి గణాంకాలతో సరిచేయవచ్చు. తోచనివాటిని సరిచేయలేరు. సహసంబంధ పరిశోధనకు అసలు హద్దు ఇక్కడే ఉంది.

మూడోది, మీ దగ్గరికి ఎవరు వచ్చారన్నది. లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లను మాత్రమే అడిగితే, అక్కడికి రావడమే ఒక వడపోత. తెలివి ఉన్నవాళ్లు కొందరు, పట్టుదల ఉన్నవాళ్లు కొందరు వస్తారు, రెండూ లేనివాళ్లు రారు. ఆ గదిలో మాత్రమే చూస్తే తెలివికీ పట్టుదలకూ వ్యతిరేక సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. ఊళ్లో చూస్తే అలాంటిదేమీ ఉండకపోవచ్చు. నాలుగోది ఉత్త యాదృచ్ఛికం, దాని గురించి చివర్లో.

దీన్నిబట్టి సహసంబంధం పనికిరాదని అనుకోవద్దు. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న లంకెను 1950లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ బ్రిటన్‌లో ఆస్పత్రి రోగులను పోల్చి చూపించారు. ఎవరికీ చిట్టీ తీసి సిగరెట్ అలవాటు చేయలేం కదా. ప్రయోగాల్లో యాదృచ్ఛిక కేటాయింపును నిలబెట్టిన రొనాల్డ్ ఫిషరే, వంశపారంపర్యమైన ఏదో గుణం రెండింటికీ కారణం కావచ్చని అడ్డు చెప్పాడు. అడ్డు తర్కంలో నిలిచేదే. సాక్ష్యం ముందు నిలవలేదు. ఎంత ఎక్కువ తాగితే అంత ఎక్కువ ముప్పు, మానేస్తే తగ్గడం, వేర్వేరు దేశాల్లో వేర్వేరు పద్ధతుల్లో అదే ఫలితం రావడం, ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఇలాంటి సాక్ష్యాన్ని ఎలా తూచాలో హిల్ 1965లో తొమ్మిది అంశాలుగా చెప్పాడు. ప్రయోగం చేయలేని చోట దారి అది, కానీ చాలా పొడవైన దారి. ఒక్క సర్వేతో అది పూర్తి కాదు.

మన ప్రశ్నకు ఆ ఇబ్బంది లేదు. చదివే పద్ధతిని చిట్టీ తీసి ఇవ్వొచ్చు.

నాలుగో మెట్టు: చిట్టీలు తీయడం

యాదృచ్ఛిక ఎంపిక వేరు, యాదృచ్ఛిక కేటాయింపు వేరు. జిల్లాలోని ఇంటర్ విద్యార్థులందరి జాబితా నుంచి లాటరీలో కొందరిని తీయడం ఎంపిక. అది మీ ఫలితం మిగతావాళ్లకు వర్తిస్తుందా అన్నదానికి. దొరికిన 60 మందిని లాటరీతో రెండు గుంపులు చేయడం కేటాయింపు. అది తేడాకు కారణం ఏమిటన్నదానికి. కారణం చెప్పాలంటే కావాల్సింది రెండోది.

చేసే తీరు ఇది. 60 మందిని పదో తరగతి మార్కుల ప్రకారం పై నుంచి కిందికి రాసుకోండి. వరుసగా ఇద్దరిద్దరిని జత చేయండి. ప్రతి జతలో మొదటి పేరుకు రూపాయి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే మళ్లీ చదివే గుంపు, బొరుసు పడితే చూడకుండా రాసే గుంపు. రెండో పేరు మిగిలిన గుంపులోకి పోతుంది. ఇలా 30 సార్లు. ఎవరైనా పక్కన నిలబడి పడినదాన్ని పడినట్టు రాసుకుంటే మంచిది. ఎందుకంటే ‘ఈ అమ్మాయి బాగా రాస్తుంది, ఆ గుంపులో ఉంటే బాగుంటుంది’ అన్న ఆలోచన వచ్చి మళ్లీ ఎగరేయాలనిపిస్తుంది. అక్కడే ప్రయోగం చెడిపోతుంది. బెంచీల వారీగా, రోల్ నంబర్ల వారీగా, ముందొచ్చినవాళ్లు ఒకవైపు అని చేయడం లాటరీ కాదు. ముందొచ్చేవాళ్లు వెనకొచ్చేవాళ్లు ఒకటి కాదు.

బిళ్ల చేసే పని గొప్పది. ఇంట్లో అక్క ఉన్నవాళ్లు, నిద్ర చాలనివాళ్లు, మీకు తోచని వంద సంగతులున్నవాళ్లు రెండు గుంపుల్లోకీ దాదాపు సమానంగా చెదిరిపోతారు. ఎవరు ఏ పద్ధతిలో చదవాలో వాళ్ల జీవితం కాకుండా బిళ్ల నిర్ణయించింది కాబట్టి, మూడో మెట్టులో రాసిన మొదటి మూడు అనుమానాలూ పక్కకు పోతాయి. తోచని వాటిని కూడా సరిచేసే ఉపాయం మన చేతిలో ఇదొక్కటే.

ఎంతమంది కావాలి? మధ్యస్థమైన తేడాను 80% అవకాశంతో పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది, పెద్ద తేడా అయితే 26 మంది. ఈ ప్రశ్న మీద ఇంతకుముందు వచ్చిన తేడా పెద్దదే కాబట్టి, వారం తర్వాత కొందరు రారని లెక్కేసుకుని గుంపుకు 30 మంది పెట్టుకోవచ్చు.

ఐదో మెట్టు: ఆ రోజు గదిలో

పాఠం ఎంచుకునేటప్పుడు రామప్ప గుడి గురించో సమ్మక్క సారలమ్మల గురించో పెట్టాలనిపిస్తుంది. వద్దు. మన పిల్లల్లో సగంమందికి ఇంట్లో విన్నదీ, టూర్‌లో చూసిందీ ఉంటుంది. రాసేది మీ కాగితం నుంచి గుర్తొచ్చిందో లేదో తెలియదు. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో ఒక పాఠం సూర్యుడి గురించి, ఇంకోటి సముద్రంలో బతికే నీటికుక్కల గురించి. ఒక్కో పాఠంలో 30 భావాంశాలు. సముద్రపు నీటికుక్క గురించి ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు కాబట్టి అలాంటిదే తెలుగులో ఒక పేజీ రాసుకోండి.

నడిపే తీరు: అందరూ ఏడు నిమిషాలు చదువుతారు. తర్వాత ఒక గుంపు అదే పాఠాన్ని మరో ఏడు నిమిషాలు చదువుతుంది. రెండో గుంపు పాఠం తిరిగి ఇచ్చేసి, ఏడు నిమిషాలు గుర్తున్నదంతా రాస్తుంది. వారం తర్వాత అందరూ చూడకుండా రాస్తారు. 2006 ప్రయోగంలో 120 మంది కాలేజీ విద్యార్థులతో ఇదే చేస్తే, ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: 81%, రాసినవాళ్లు 75%. వారం తర్వాత బండి తిరగబడింది. చదివినవాళ్లకు 42% గుర్తుంది, రాసినవాళ్లకు 56%. పరీక్ష ముందురోజు రాత్రి బట్టీ పట్టినవాడికి ‘అంతా వచ్చేసింది’ అనిపించడం అబద్ధం కాదన్నమాట, అది నిలవదు అంతే. పద్ధతి ఫలితం సమయాన్ని బట్టి మారింది కాబట్టి దీన్ని పరస్పర ప్రభావం అంటారు. మీరు కూడా ఒక్క పరీక్షే పెట్టి, అదీ వెంటనే పెడితే, తప్పు పద్ధతిని గెలిపించి ఇంటికి పోతారు.

రెండు గుంపుల మధ్య తేడా ఆ ఏడు నిమిషాల పని ఒక్కటే ఉండాలి. ఒక గుంపును పొద్దున పది గంటలకు, ఇంకో గుంపును అన్నం తిన్నాక రెండు గంటలకు కూర్చోబెడితే మీరు పోల్చింది చదివే పద్ధతిని కాదు, కునుకుపాటును. ఇద్దరినీ ఒకే హాల్లో కలిపి కూర్చోబెట్టినా చిక్కే. పక్కవాడి పెన్ను పరుగెడుతుంటే చదివేవాడు కూడా మనసులో వల్లెవేసుకుంటాడు. పక్కపక్కన రెండు గదులు, ఒకే సమయం, ముందే కాగితం మీద రాసుకున్న ఒకే సూచనలు మంచి ఏర్పాటు. ఒక గదిలో ఫ్యాన్ తిరగకపోతే అది కూడా తేడాయే.

వారం మధ్యలో ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి. హాస్టల్‌లో ఒకే గదిలో ఇద్దరు రెండు గుంపుల వాళ్లు ఉంటే రాత్రికల్లా ముచ్చట పంచుకుంటారు. పాఠం కాగితాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, ఫోన్లు బయట పెట్టించండి. లేదంటే ఫొటో తీసిన పాఠం సాయంత్రానికి వాట్సాప్ గ్రూప్‌లో ఉంటుంది. వారం తర్వాత పరీక్ష ఉందని ముందే చెప్పకండి. అలా దాచినందుకు చివర్లో అందరికీ ఎందుకు దాచారో చెప్పాలి.

దిద్దడం దగ్గర పెద్ద లోపం జరుగుతుంది, ఎవరికీ కనబడదు. జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు. ఆస్కార్ ఫుంగ్స్ట్ 1907లో పరీక్షించి చూస్తే, జవాబు దగ్గరికి రాగానే అడిగే మనిషి తలలో, భుజాల్లో తెలియకుండానే వచ్చే చిన్న కదలికను అది పట్టుకుంటోంది. అడిగేవాడికే జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియలేదు. మీ గుంపు గెలవాలని మీకు ఉంటుంది. సగం రాసిన వాక్యానికి ఒక గుంపుకు మార్కు వేసి, ఇంకో గుంపుకు కొట్టేస్తారు, మనసులో ఏ దురుద్దేశమూ లేకుండానే. అందుకే కాగితాల మీద పేరూ గుంపూ తీసేసి కోడ్ నంబర్ వేయించండి. కోడ్ జాబితా మరొకరి దగ్గర ఉంచండి. ఏ కాగితం ఏ గుంపుదో తెలియని ఇద్దరితో విడివిడిగా దిద్దించి, రెండు మార్కుల మధ్య ఎంత పొసిగిందో రిపోర్టులో రాయండి.

బిళ్ల ఎగరేయడం కుదరనప్పుడు

ప్రిన్సిపాల్ సెక్షన్లు విడగొట్టనివ్వరు. ‘సెక్షన్-ఏను రాసే గుంపు చేసుకోండి, సెక్షన్-బీ మళ్లీ చదువుతుంది’ అంటారు. ఇది అర్ధ ప్రయోగం. సెక్షన్-ఏ మార్కుల్లో ముందున్నదైతే ఫలితం ముందే రాసి ఉన్నట్టు. కనీసం ముందు పరీక్ష ఒకటి పెట్టి తేడా ఎంత ఉందో చూసుకోవాలి. అప్పటికీ, రెండు సెక్షన్లంటే పేరుకు 120 మంది ఉన్నా, లాటరీ వేయగలిగిన వస్తువులు రెండే. ఒక సెక్షన్‌కు మంచి ఫిజిక్స్ సార్ ఉంటే ఆ ఒక్క కారణమే అందరి మీదా పడుతుంది.

దీనికి సరైన మందు సెక్షన్లనో కాలేజీలనో ఎక్కువగా తీసుకుని వాటికే లాటరీ వేయడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం అలాంటిదే. 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీతో వందేసి చొప్పున ఐదు గుంపులు చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్‌కు విడిగా బోనస్, బడి మొత్తానికి కలిపి బోనస్, ఒక అదనపు కాంట్రాక్టు టీచర్, బడికి నిధులు, ఇక ఏమీ ఇవ్వని గుంపు. తెలంగాణ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. బోనస్ బడుల్లో మార్కులు పెరిగాయని ధైర్యంగా చెప్పగలిగారంటే కారణం ఆ లాటరీయే. మీ ప్రాజెక్టుకు 500 బడులు అక్కర్లేదు, కానీ రెండు సెక్షన్లతో చేసి ఆ స్థాయి వాక్యం రాయకూడదు.

అన్నింటికంటే బలహీనమైన నమూనా ఒకటుంది, మన దగ్గర ఎక్కువగా కనబడేదీ అదే. ఒకే గుంపు, ముందొక కొలత, తర్వాతొక కొలత. ఫిబ్రవరిలో పరీక్షల టెన్షన్ స్కేలు ఇచ్చి, ఎక్కువ వచ్చిన 30 మందిని ఏరి, నాలుగు వారాలు యోగా చేయించి, పరీక్షలయ్యాక మళ్లీ కొలుస్తారు. టెన్షన్ తగ్గుతుంది. తగ్గక ఏమవుతుంది? పరీక్షలు అయిపోయాయి. అదీకాక, ఎక్కువ వచ్చినవాళ్లను ఏరడంలోనే ఒక మాయ ఉంది. ఆ రోజు కడుపునొప్పి వల్లనో ఇంట్లో గొడవ వల్లనో ఎక్కువ వచ్చినవాళ్లు కూడా అందులో ఉంటారు, ఇంకోసారి కొలిస్తే వాళ్లంతట వాళ్లే సగటు వైపు దిగుతారు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో దీన్ని గమనించాడు. చాలా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటు వైపు జరిగి ఉన్నారు. కాబట్టి అరవైమందిని ఏరి, లాటరీతో ముప్పైమందికి ఇప్పుడు యోగా, ముప్పైమందికి రెండో కొలత అయ్యాక యోగా అనండి. ఎవరికీ అన్యాయం జరగదు, పోలిక దొరుకుతుంది.

ఇక లాటరీ అసలే వేయలేనివి కొన్ని ఉంటాయి. మేడారం జాతరకు పోయివస్తే మనసు కుదుటపడుతుందా? ఎవరిని పొమ్మని, ఎవరిని ఆగమని చిట్టీ తీస్తాం? ప్రయాగ మాఘమేళా మీద 2012లో ప్రచురితమైన అధ్యయనంలో ఒక దారి చూడొచ్చు. నెలపాటు అక్కడే ఉండే 416 మంది కల్పవాసులను, వెళ్లని 127 మందిని, మేళాకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అడిగారు. వెళ్లినవాళ్లలో క్షేమభావం పెరిగింది, వెళ్లనివాళ్లలో అలా పెరగలేదు. ముందు కొలత ఉంది, పోల్చే గుంపు ఉంది. అయినా వెళ్లాలా వద్దా అన్నది వాళ్లే నిర్ణయించుకున్నారు కాబట్టి వెళ్లేవాళ్ల స్వభావమే వేరేమో అన్న సందు మిగిలే ఉంటుంది. మేడారం మీద ఎవరైనా చేస్తే ఇదే నమూనా పెట్టుకుని, ఆ సందు గురించి దాచకుండా రాయాలి. జాతర రెండేళ్లకోసారే వస్తుంది, కాబట్టి ముందు కొలత తప్పితే మళ్లీ రెండేళ్లు ఆగాల్సిందే.

అనుమతులు: ఇది నిజానికి అన్నిటికంటే ముందు

ఇంటర్ పిల్లలు ఎక్కువమంది 18 ఏళ్ల లోపువాళ్లు. తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి కావాలి, పిల్లల ఒప్పుకోలు కూడా విడిగా కావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఈ రెండింటినీ అడుగుతాయి. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీకి ముందే దరఖాస్తు పెట్టండి, అక్కడ వారాలు పడుతుంది. ‘సార్ చెప్పారు కదా’ అని పెట్టే సంతకం సమ్మతి కాదు. పాఠం చెప్పే లెక్చరర్ గదిలో లేనప్పుడు అడగండి, మధ్యలో లేచిపోయినా ఇంటర్నల్ మార్కులకు ఏమీ కాదని కాగితం మీదే ఉండాలి. 1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ ఏడాది కూడా నిండని పసివాడికి తెల్ల ఎలుకంటే భయం నేర్పించారు, ఆ భయం పోగొట్టకుండానే వదిలేశారు. ఈ నియమాలన్నీ అలాంటివి చూశాకే పుట్టాయి.

చదివే పద్ధతి మీద ప్రయోగంలో ప్రమాదం తక్కువ. కానీ డిప్రెషన్ స్కేలు వాడేవాళ్లు ఒకటి ఆలోచించి పెట్టుకోవాలి. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఒక పిల్లవాడు అక్కడ టిక్ పెడితే మీరేం చేస్తారు? కాగితాన్ని కట్టలో పెట్టి నెల తర్వాత ఎక్సెల్‌లో ఎక్కించడం కాదు. ఆ రోజే చూడాలి, ఎవరికి చెప్పాలో ముందే నిర్ణయమై ఉండాలి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్ అందరికీ ఇచ్చే కాగితం మీద ఉండాలి.

చివరి మెట్టు: లెక్క, రాత

రెండు గుంపుల సగటులను పోల్చడానికి టీ (t) పరీక్ష అనే గణాంక లెక్క చాలు. పైన చెప్పినట్టు జతలు చేసి బిళ్ల వేస్తే జత టీ పరీక్ష వాడాలి. వచ్చే పి విలువ ఏమిటో తెలిసి రాయండి. ఫిషర్ 1935లో చెప్పిన ఉదాహరణ ఉంది. కప్పులో ముందు పాలు పోశారో ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనంటుంది ఒకావిడ. ఎనిమిది కప్పులు, నాలుగు ఒకలా, నాలుగు ఇంకోలా, లాటరీ వరుసలో ఇస్తారు. ఉత్త ఊహతో అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి, అంటే 1.4%. పి విలువంటే అదే: అసలు తేడా ఏమీ లేకపోయినా, ఇంత తేడాగానీ ఇంతకంటే ఎక్కువగానీ యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం. మీ ఊహ నిజమయ్యే అవకాశం కాదు. తేడా ఎంత పెద్దదో కూడా అది చెప్పదు, కాబట్టి సగటులనూ తేడా పరిమాణాన్నీ విడిగా రాయాలి.

అబ్బాయిలు, అమ్మాయిలు, ఎంపీసీ, బైపీసీ, హాస్టల్, డే స్కాలర్ అంటూ ఇరవై పోలికలు చేస్తే, అసలు ఏ తేడా లేకపోయినా కనీసం ఒకదాని పి విలువ, ఫలితాన్ని గణనీయమని లెక్కేసే మామూలు గీత అయిన 0.05 కింద తగిలే అవకాశం దాదాపు 64%. తగిలినదాన్ని పట్టుకుని రిపోర్టు దానిచుట్టూ అల్లడం మన దగ్గరే కాదు, ప్రపంచమంతా చేశారు. 2015లో సైకాలజీలో 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97% అధ్యయనాల్లో గణాంకపరంగా గణనీయమైన ఫలితాలు ఉంటే, రెండోసారి 36% లోనే వచ్చాయి. అందుకే ఏ పోలిక ముఖ్యమో డేటా సేకరించకముందే రాసి, తేదీ వేసి, గైడ్ సంతకం పెట్టించుకోండి.

వాక్యాలు ఇలా ఉండాలి. సర్వే మాత్రమే చేస్తే: ‘చూడకుండా రాసుకునే అలవాటు ఎక్కువ ఉన్న విద్యార్థులకు మార్కులు కూడా ఎక్కువగా ఉన్నాయి.’ సెక్షన్ల వారీగా చేస్తే దానికి ‘సెక్షన్ల మధ్య ముందునుంచీ ఉన్న తేడాలు ఇందుకు కారణం కావచ్చు’ అని కలపాలి. బిళ్ల వేసి చేస్తే: ‘ఈ పాఠంతో, ఈ విద్యార్థుల్లో, చూడకుండా రాయడం వల్ల వారం తర్వాత ఎక్కువ గుర్తుంది.’ ‘వల్ల’ రాయడానికి ఇప్పుడు మీకు హక్కుంది. ‘ఈ పాఠంతో, ఈ విద్యార్థుల్లో’ అన్నవి మాత్రం కొట్టేయకండి. ఫలితం రాకపోతే రాలేదనే రాయండి, గుంపుకు ఎంతమందో, ఎంతమంది వారం తర్వాత రాలేదో అంకెలతో సహా.

2006 ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం విద్యార్థులు. తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చిన మహబూబాబాద్, ములుగు పిల్లల్లో అదే తేడా వస్తుందా అన్నది విడిగా చేసి చూడాల్సిన ప్రశ్న. పాఠం తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి పెట్టి, పద్ధతులు రెండు, భాషలు రెండుగా నాలుగు గుంపులు చేస్తే తర్వాతి బ్యాచ్‌కు ప్రాజెక్టు సిద్ధం.